మేకు తగిలిన చెయిన్‌సా గొలుసుకు మళ్ళీ పదును: ప్రాజెక్టు డైరీ

నమోదు 1: గొలుసు పరిస్థితి

16 అంగుళాల బార్ (గొలుసు చుట్టూ తిరిగే ఉక్కు పలక), 56 డ్రైవ్ లింకుల (బార్ గాడిలో నడిచే లింకులు) గొలుసు. మొత్తం 28 పళ్ళు: ఎడమ వైపువి 14, కుడి వైపువి 14. పాత దుంగలో పూడుకుపోయిన మేకు తగిలిన గొలుసు ఇది. తగిలాక కూడా కొంతసేపు కోత సాగింది, నష్టం పెరిగింది అందుకే.

రంపం నుంచి పొట్టు రాలడం లేదు, పిండి రాలుతోంది. బార్‌ను చేత్తో నొక్కితే తప్ప దిగడం లేదు. దిగిన కోత కూడా ఎడమకు వంగుతోంది, దుంగ సగానికి వచ్చేసరికి బార్ ఆ కోతలో పట్టేస్తోంది. కోత గోడలు గోధుమ రంగుకు మాడాయి.

ఈ మూడింటికీ కారణం వేర్వేరు. పిండి రాలుతోందంటే అంచులు మొద్దుబారాయి. మాడిందంటే కోయాల్సిన పళ్ళు చెక్కను రుద్దుతున్నాయి. ఆ వేడికి గొలుసు సాగి వేలాడుతుంది, బార్ నూనె కాలిపోతుంది. కోత వంగడం మాత్రం రెండు వైపుల పళ్ళ మధ్య తేడా వల్ల వస్తుంది. పదునున్న వైపు ఎక్కువ చెక్కను తీసుకుంటుంది కాబట్టి బార్ అటే లాగుతుంది. ఎడమకు పోతోందంటే దెబ్బ కుడి పళ్ళకు తగిలిందన్నమాట.

ఒక్కో పన్నునూ వెలుతురులో తిప్పి చూశాం. పదునైన అంచు మీద వెలుగు పడితే కనబడదు. మొద్దు అంచు సన్నటి తెల్లగీతలా మెరుస్తుంది. ఎడమ పళ్ళకు ఆ గీత వెంట్రుక మందాన ఉంది. కుడి పళ్ళలో తొమ్మిదింటికి మూల దగ్గర క్రోమ్ పూత పెచ్చుగా లేచిపోయింది. వాటిలో రెండింటికి మూలే విరిగింది.

నమోదు 2: కొలతలు, ఆకురాయి

ఆకురాయి సైజును కంటి అంచనాతో ఎంచుకోకూడదు. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే గొలుసు పిచ్ వస్తుంది. ఇక్కడ దాదాపు 18.6 మి.మీ., సగం 9.3. అంటే 3/8 అంగుళం అని పిలిచే గొలుసు. ఈ పేరుతో రెండు రకాలున్నాయి, మామూలుది, లో ప్రొఫైల్‌ది. పిచ్ కొలిచినంత మాత్రాన ఈ రెంటికీ తేడా తెలియదు. డ్రైవ్ లింక్ మీద కొట్టిన అంకె చూడాలి. దీని మీద 91 అని ఉంది. ఆరెగాన్ కంపెనీ లెక్కలో అది లో ప్రొఫైల్, 1.3 మి.మీ. గేజ్ (డ్రైవ్ లింక్ మందం) గొలుసు.

దీనికి కావలసింది 4.0 మి.మీ. గుండ్రటి ఆకురాయి. పైరేకు (పన్ను పైభాగం) కోణం 30 డిగ్రీలు, ఆకురాయి పైకీ కిందికీ వాలకుండా సమమట్టంగా నడవాలి, రేకర్ (పన్ను ముందుండే బుడిపె) పన్ను అంచు కన్నా 0.65 మి.మీ. లోతులో ఉండాలి. మిగతా గొలుసులకు లెక్క మారుతుంది. .325 అంగుళం పిచ్‌కు 4.8 మి.మీ. ఆకురాయి వాడతారు. మామూలు 3/8కి తయారీదారును బట్టి 5.2 లేదా 5.5, .404కి 5.5. కోణం కూడా 25, 30 మధ్య మారుతుంది. దుంగను నిలువునా పలకలుగా చీల్చే గొలుసుకైతే 10 డిగ్రీలే. గొలుసు పెట్టె మీద రాసిన అంకెకే విలువ, పక్కవాళ్ళ రంపానికి సరిపోయిన ఆకురాయి దీనికీ సరిపోతుందని అనుకోకూడదు.

సైజు తప్పితే ఏమవుతుందో చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆకురాయి మరీ సన్నదైనా, బాగా కిందికి నడిచినా పన్ను ముక్కు కొక్కెంలా వంగుతుంది. మొదటి రెండు కోతలు అదరగొడుతుంది, తర్వాత అంచు పలచనై విరుగుతుంది. మరీ లావుదైనా, పైకి నడిచినా అంచు వెనక్కి వాలుతుంది. అప్పుడు ఎంత రుద్దినా గొలుసు చెక్కను పట్టదు. ఆకురాయి వ్యాసంలో ఐదో వంతు, అంటే ఇక్కడ 0.8 మి.మీ., పైరేకు కన్నా పైకి కనబడాలి. ఈ ఒక్క కొలత సరిగ్గా ఉంటే కోత అంచు ఆకారం దానంతటదే కుదురుతుంది.

నమోదు 3: కడగడం, బిగించడం

ఇంజిన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ క్యాప్ తీసేశాం. బ్యాటరీ రంపమైతే బ్యాటరీ బయటికి తీయాలి. గొలుసు విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో జిగురు, నూనె ముద్ద వదిలించాం. ఇది అందం కోసం చేసే పని కాదు. నూనె అంటిన పన్ను మీద ఆకురాయి జారుతుంది, దాని గాడుల్లో రజను ఇరుక్కుని మూసుకుపోతుంది. తుడిచి, పూర్తిగా ఆరాకే ఆకురాయి తగలనిచ్చాం.

గొలుసును మళ్ళీ బార్ మీద వేసి, మామూలు కన్నా కాస్త బిగువుగా లాగి, బార్‌ను బెంచ్ వైస్‌లో పట్టించాం. గొలుసు అటూ ఇటూ ఊగితే ప్రతి రుద్దుకూ కోణం మారిపోతుంది. పని అయ్యాక ఈ బిగువు తప్పకుండా వదలాలి. రుద్దేటప్పుడు చైన్ బ్రేక్ వేసి ఉంచాలి, పన్ను ముందుకు జరపాల్సినప్పుడే వదలాలి. చేతికి తొడుగులు ఉండాలి, పదునెక్కుతున్న కొద్దీ ఆ పళ్ళే చేతికి తగులుతాయి. మొదలుపెట్టిన పన్ను మీద మార్కర్‌తో చుక్క పెడితే 14 అయ్యాయో లేదో వెతుక్కోనక్కర్లేదు.

నమోదు 4: ఎడమ వరస

దెబ్బ తక్కువగా ఉన్న వైపుతో మొదలుపెట్టాం. ఎడమ వరస చేస్తే తేరుకున్న పన్ను ఎలా ఉండాలో కళ్ళముందు నమూనా దొరుకుతుంది.

ఒక్కో పన్ను రెండు పనులు చేస్తుంది. పక్కరేకు చెక్క నారను అడ్డంగా తెంపుతుంది, పైరేకు దాన్ని ఉలిలా లేపి బయటికి తీస్తుంది. రెండూ కలిసే మూలే మొదట చెక్కను తాకేది, మొదట అరిగేదీ అదే. ఈ ఆకారం వెనక చిన్న చరిత్ర ఉంది. అంతకుముందు రంపపు గొలుసుల పళ్ళు చేతి రంపం పళ్ళలా గీరేవి. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్, చెక్కను తొలిచే పురుగు దవడలు నారకు అడ్డంగా, నిలువుగా కూడా కోయడం గమనించి, ఆ తీరున వంపు తిరిగిన పన్నును రూపొందించి 1947లో అమ్మకానికి తెచ్చారు. ఇవాళ వాడే గొలుసులు దాదాపు అన్నీ ఆ పన్ను సంతతే. పదును పెట్టేటప్పుడు చూపంతా మూల మీదే ఉండాలనడానికి కారణం కూడా ఈ ఆకారమే.

ఆకురాయిని పన్ను లోపలి వైపు నుంచి బయటికి తోయాలి. ఎడమ పళ్ళకు కుడి వైపు నిలబడి తోస్తాం. తోసేటప్పుడు పూర్తి పొడవు వాడాలి, కాస్త వెనక్కి, రవ్వంత పైకి అదిమి పట్టాలి. వెనక్కి తెచ్చేటప్పుడు పన్నుకు తగలకుండా ఎత్తాలి. వెనక్కి రుద్దితే పన్ను పదునెక్కదు సరికదా ఆకురాయి గాడులు మొద్దుబారతాయి. ప్రతి రెండు మూడు తోపులకు ఆకురాయిని వేళ్ళతో కొంచెం తిప్పాలి, లేకపోతే ఒక వైపే అరుగుతుంది. 30 డిగ్రీల గీత ఉన్న గైడ్ పట్టాం. చేతి మీద నమ్మకం ఉన్నవాళ్ళకు కూడా గైడ్ అవసరమే అని మా అభిప్రాయం. కుడిచేతి వాటం వాళ్ళకు ఒక వైపు కోణం తెలియకుండానే తగ్గిపోతుంది.

ఎడమ పళ్ళకు తలా నాలుగు తోపులు చాలాయి. వెలుతురులో తెల్లగీత పోయింది, మూల దాకా క్రోమ్ పూత పూర్తిగా ఉంది. బయటి అంచున సన్నటి పోగు లేచింది. దాన్ని తీయాల్సిన పనిలేదు, మొదటి కోతలోనే రాలిపోతుంది. పైరేకు పొడవు కాలిపర్‌తో కొలిస్తే అన్నీ 7.1, 7.2 మి.మీ. మధ్య వచ్చాయి.

నమోదు 5: కుడి వరస

ఇక్కడే నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. దెబ్బతిన్న పన్నులో పెచ్చు పోయిన మేరా వెనక్కి రుద్దితే తప్ప కొత్త మూల దొరకదు. పైరేకు మీది క్రోమ్ పూత చాలా పలచన, గట్టితనమంతా దానిదే. పూత లేని అంచు ఎంత మెరిసినా, అది మెత్తటి ఉక్కుతో కోసే అంచే. పెచ్చు కొసన రవ్వంత మిగిలినా అక్కడి నుంచే మళ్ళీ మొద్దుబారుతుంది. “దాదాపు పోయింది” అని అక్కడ ఆపేస్తే పని కానట్టే.

రెండు పళ్ళకు మూల విరిగింది. వాటిని బాగుచేస్తే 6 మి.మీ. దగ్గరికి వస్తాయి. మిగతా 26 పళ్ళనూ వాటితో సమానం చేయాలా? గొలుసు పళ్ళన్నీ ఒకే పొడవు ఉండాలన్నది పుస్తకం మాట, కొత్త గొలుసు విషయంలో అది నిజం. ఇక్కడ అలా చేస్తే మంచి పళ్ళ నుంచి తలా ఒక మిల్లీమీటరు పైగా ఉక్కు ఊరికే పోతుంది. పన్ను వాడకపు హద్దు 4 మి.మీ., కొన్ని గొలుసుల్లో వెనక గీసిన గుర్తు దాకా. ఇప్పుడున్న 7 మి.మీ. నుంచి ఒకటి తీసేస్తే మిగిలిన ఆయువులో మూడో వంతు ఖర్చయినట్టు. ప్రతి పన్నునూ దానికి కావలసినంతే రుద్దాం, దాని రేకర్‌ను ఆ పన్నుకు తగ్గట్టే దించాం. కోత నిటారుగా వస్తుందా లేదా అన్నది పొడవు కన్నా పదును, రేకర్ లోతుల మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

మామూలుగా మొద్దుబారిన కుడి పళ్ళకు అయిదారు తోపులు పట్టాయి, పెచ్చు లేచినవాటికి పన్నెండు దాకా. విరిగిన రెండింటిలో ఒకదాని మీద ఆకురాయి మొదట్లో జారింది, అద్దం మీద గీసినట్టు కీచుమంది. మేకుతో ఒరుసుకున్న వేడికి అక్కడి ఉక్కు మరీ గట్టిపడింది. అలాంటి చోట నొక్కి రుద్దితే ఆకురాయే పాడవుతుంది. కొత్త ఆకురాయి తీసుకుని, పొట్టి తోపులతో ఆ గట్టి పొరను ముందు దాటించాం. పొర పోగానే ఆకురాయి మళ్ళీ కరవడం చేతికి తెలిసింది. అతివేడికి ఉక్కు మీద వచ్చే నీలం రంగు లోతుగా ఎక్కి ఉంటే గ్రైండర్‌కు ఇవ్వాల్సి వచ్చేది. గ్రైండర్‌కు ఇచ్చినా చక్రాన్ని పన్నుకు తాకించి వెంటనే తీస్తుండాలి, ఒకే చోట ఆపితే చక్రమే ఆ నీలాన్ని తెస్తుంది.

ముగిశాక కుడి వరస కొలతలు: పెచ్చు లేనివి 6.9 నుంచి 7.1, పెచ్చు లేచినవి 6.4 నుంచి 6.7, మూల విరిగిన రెండూ 6.0, 6.1 మి.మీ.

రేకర్లు ముట్టుకోకుండా ఒక పరీక్ష కోత పెట్టాం. గొలుసు మామూలు బిగువుకు వదిలి, ఎండు దుంగ మీద. పిండి బదులు సన్నటి పొట్టు వచ్చింది. వంకర చాలావరకు పోయింది. కానీ బార్ తన బరువుకు తాను దిగడం లేదు, కాస్త అదమాల్సి వస్తోంది. పళ్ళు పదునైనా పని సగమే అయిందని దీంతో తేలింది.

నమోదు 6: రేకర్లు

పన్ను ముందుండే బుడిపెను రేకర్ అంటారు. ఒక్కో పన్ను చెక్కలోకి ఎంత లోతు దిగాలో నిర్ణయించేది అదే. పైరేకు వెనక్కి పోయే కొద్దీ కిందికి వాలి ఉంటుంది. అంచును వెనక్కి రుద్దిన ప్రతిసారీ దాని ఎత్తు తగ్గుతుంది, రేకర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తేడా తగ్గిపోయి చివరికి పదునైన పన్ను కూడా చెక్కను అందుకోలేదు. రంపం మొద్దుబారిందని పళ్ళనే మళ్ళీ మళ్ళీ రుద్దేవాళ్ళ అసలు సమస్య చాలాసార్లు ఇదే.

గొలుసు మళ్ళీ విప్పి, లింకు అడుగు నుంచి అంచు ఎత్తు, రేకర్ ఎత్తు రెండూ కాలిపర్‌తో కొలిచి తేడా తీశాం. ఎడమ వరసలో సగటున 0.50 మి.మీ. కుడి వరసలో 0.42 చుట్టుపక్కల. విరిగిన రెండింటికీ 0.35. కావలసింది 0.65.

పళ్ళన్నీ ఒకే పొడవు ఉంటే సాదా గేజ్ పలక చాలు: గొలుసు మీద పెట్టి, దాని గాడిలోంచి పైకి పొడుచుకొచ్చిన రేకర్‌ను చదును ఆకురాయితో దించితే సరి. ఈ గొలుసుకు అది పనికిరాదు. ఆ పలక పక్కనున్న పొడవాటి పళ్ళ మీద ఆనుతుంది కాబట్టి పొట్టి పన్ను రేకర్ ఎప్పుడూ ఎత్తుగానే మిగిలిపోతుంది. ఆ పన్ను కోయకుండా ఊరికే తిరుగుతుంది. అందుకని ఆ పన్ను మీదే ఆని, దాని ముందరి లింకు దాకా వాలే ప్రోగ్రెసివ్ గేజ్ వాడాం. దీనిలో ఇంకో సుగుణం ఉంది. పన్ను వెనక్కి పోయే కొద్దీ రేకర్‌కూ అంచుకూ దూరం పెరుగుతుంది, అంత దూరానికి పాత లోతు చాలదు. లోతు ఆ దూరంలో పదో వంతు ఉండేలా చూస్తే పన్ను చెక్కలోకి దిగే వాలు మారదు. కొత్త పన్నుకు చాలిన 0.65 పొట్టి పన్నుకు 0.75 అవుతుంది, ఈ గేజ్ ఆ లెక్కను తనే చూసుకుంటుంది.

చదును ఆకురాయితో రేకర్‌ను రుద్దుతూ, గేజ్ మీద తగిలి ఇక దిగనప్పుడు ఆపాలి. గట్టి చెక్కకు, మెత్తటి చెక్కకు రెండు గుర్తులుంటాయి. గట్టి చెక్క వైపే ఉంచాం, మెత్తటిది అవసరమైతే ఆ తర్వాత దించుకోవచ్చు, దించినదాన్ని పెంచడం ఎవరి వల్లా కాదు. రేకర్లు ఎక్కువ దిగితే పన్ను అత్యాశగా కరుస్తుంది, రంపం దడదడలాడుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా బార్ ముక్కు తగిలినప్పుడు రంపం వెనక్కి ఎగిరే ప్రమాదం పెరుగుతుంది. చివరగా ప్రతి రేకర్ ముందు అంచునూ రెండు తోపులతో గుండ్రం చేశాం. కొత్త గొలుసులో ఉన్న ఆ వాలు లేకపోతే రేకర్ చెక్కలో తట్టుకుంటుంది.

నమోదు 7: రెండో పరీక్ష, బార్

ఈసారి బార్ తన బరువుకే దిగింది. చదునైన మందపు పొట్టు ధారగా పడింది. కానీ 20 సెంటీమీటర్లు దాటిన లోతు కోతలో ఇంకా కొద్దిగా ఎడమ మొగ్గు కనిపించింది. పళ్ళ తేడా తీరిపోయాక మిగిలిన మొగ్గు బార్‌దే అయ్యుండాలి.

బార్ విప్పి, సమతలమైన పలక మీద అంచున నిలబెట్టి మూలమట్టం ఆనించాం. బార్ గాడికి రెండు వైపులా ఉండే పట్టాల్లో ఎడమది కుడిదానికన్నా తక్కువ ఎత్తులో ఉంది. కుడి పళ్ళు కోయనంతకాలం గొలుసు ఎడమకు ఒరిగి నడిచి, అటు పట్టాను అరగదీసింది. పట్టా తగ్గిన వైపుకు గొలుసు వాలుతుంది, కోత అటే పోతుంది. గొలుసు మాత్రమే బాగుచేసి ఊరుకుంటే ఈ వంకర పోయేది కాదు.

చదును ఆకురాయిని బార్‌కు నిటారుగా పట్టే చట్రంతో రెండు పట్టాలూ సమం చేసి, బయటికి లేచిన పదును చారలను తీసేశాం. గాడి లోతు మిగిలిందా అన్నది కూడా చూసుకోవాలి. డ్రైవ్ లింక్ కొన గాడి అడుగును తాకితే ఆ బార్ మార్చాల్సిందే. ఇక్కడ ఖాళీ ఉంది. గాడిలోని మురికి, నూనె రంధ్రంలోని ముద్ద తీసి, బార్‌ను తలకిందులు చేసి బిగించాం. ప్రతి పదునుకూ ఇలా తిప్పితే రెండు అంచులూ సమంగా అరుగుతాయి. గొలుసును తిప్పే డ్రైవ్ స్ప్రాకెట్ పళ్ళ మీద అరుగుదల అర మి.మీ. లోపలే ఉంది, దాన్ని మార్చలేదు.

గొలుసు బిగువు చల్లగా ఉన్నప్పుడే పెట్టాలి. బార్ ముక్కును పైకి ఎత్తి పట్టుకుని నట్లు బిగిస్తే, కింది వైపు గొలుసు బార్‌కు ఆని ఉండాలి, చేత్తో లాగితే సులువుగా తిరగాలి. వేడిగా ఉన్నప్పుడు బిగించిన గొలుసును అలాగే వదిలేస్తే చల్లారాక కుంచించుకుపోయి బార్‌నూ క్రాంక్ బేరింగ్‌లనూ లాగుతుంది. నూనె అందుతోందో చూడడానికి లేతరంగు దుంగ ఎదుట బార్ ముక్కు పట్టి ఇంజిన్ వేగం పెంచాం. సన్నటి నూనె గీత పడింది.

మూడో పరీక్ష కోత బార్ పూర్తి లోతు దాకా నిటారుగా దిగింది.

నమోదు 8: తర్వాతి పెట్రోల్ ట్యాంకు దాటాక

ట్యాంకు అయ్యాక అంచులు మళ్ళీ చూశాం. ఎడమ వరస అంచుల్లో మెరుపు లేదు. కుడి వరసలో పెచ్చు లేచిన తొమ్మిదింటిలో ఒకదానికి మూల దగ్గర సూదిమొనంత మెరుపు కనిపించింది, క్రోమ్ అంచు పూర్తిగా దొరకకముందే అక్కడ రుద్దడం ఆపినట్టుంది. దానికి ఇంకో మూడు తోపులు, మిగతావాటికి తలా రెండు. రేకర్లు ముట్టుకోలేదు. ఇలా రెండు తోపుల పదునును ట్యాంకుకోసారి పెడితే, పన్నెండు తోపుల అవసరం మేకు తగిలినప్పుడు తప్ప రాదు. రేకర్ల కొలత ప్రతి మూడో పదునుకు చాలు.

గొలుసు ఇక ఎంతకాలమన్నది 6.0 మి.మీ. దగ్గరున్న ఆ రెండు పళ్ళ మీదే ఉంది. అవి 4 మి.మీ.కు చేరేసరికి మిగతా పళ్ళు 5 దగ్గర ఉంటాయి, అప్పుడు మొత్తం గొలుసు తీసేయాలి. మేకు పనికి వాడిన 4.0 ఆకురాయి గాడులు చేతికి నున్నగా తగులుతున్నాయి, దాన్ని పక్కన పెట్టి తర్వాతి పదునుకు కొత్తది కేటాయించాం.